రెండెకరాల ఇరవై గుంటలు: రైతుల జాబితాను ఓపెన్‌రిఫైన్‌లో సరిచూసి మార్చుకోవడం ఎలా

పరకాల దిక్కు ఒక ఊళ్లో రైతు సంఘం జాబితా చదివి వినిపిస్తుంటే ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నా పద్దెనిమిది గుంటలు యాడ వోయినయ్ బిడ్డా?" అని అడిగాడు. ఆయన పాసు పుస్తకంలో 2.20 అని ఉంది. అంటే రెండెకరాల ఇరవై గుంటలు. మేం తయారు చేసిన ఫైల్లో 2.2 అని ఉంది. చదివే పిల్లాడు దాన్ని రెండెకరాల రెండు గుంటలని చదివాడు. చివరి సున్నాను ఎక్సెల్ తీసేసిన సంగతి మా ఎవరి కంటా పడలేదు. అదే రోజు ఆ ఫైలును వేరే ఫార్మాట్‌లోకి మార్చి పైకి పంపాల్సి ఉంది. మార్పిడి ఏ అడ్డూ లేకుండా జరిగిపోయేది, ఆయన పద్దెనిమిది గుంటలు పోయినట్టే కొత్త ఫైల్లోకీ వెళ్లేవి.

ఒక ఫైలును సీఎస్వీ (గడులను కామాలతో విడదీసే మామూలు టెక్స్ట్ ఫైలు) నుంచి జేసన్‌లోకో (సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి వివరాలు పంపుకునే ఫార్మాట్), ఎక్సెల్ నుంచి సీఎస్వీలోకో మార్చే సాఫ్ట్‌వేర్‌కు గుంట అంటే ఏమిటో తెలియదు. సర్వే నంబరుకూ తారీఖుకూ తేడా తెలియదు. ఆ తేడాలు తెలిసినవాళ్లం మనం. అందుకే మార్చే ముందు కూర్చుని చూడాలి. వరుసకొకటి కళ్లతో చూడటం వెయ్యి వరుసల జాబితాలో అయ్యే పని కాదు గనుక ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సాయం తీసుకుంటాం. ప్రోగ్రామింగ్ రానవసరం లేదు, మౌస్‌తో మెనూలు నొక్కడం వస్తే చాలు. కింద చెప్పేదంతా రైతుల జాబితా చుట్టూ ఉంటుంది. మీ చేతిలో ఉన్నది పాల సంఘం జాబితా అయినా, బడి పిల్లల జాబితా అయినా పద్ధతి ఇదే.

మొదట సాఫ్ట్‌వేర్

ఓపెన్‌రిఫైన్ 2010లో మెటావెబ్ అనే కంపెనీలో 'ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్' పేరుతో పుట్టింది. అదే ఏడాది గూగుల్ ఆ కంపెనీని కొనడంతో 'గూగుల్ రిఫైన్' అయింది. 2012 నుంచి వాడేవాళ్లే నడుపుకునే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుగా ఈ పేరుతో ఉంది. ఓపెన్‌రిఫైన్ డాట్ ఆర్గ్ సైట్‌లో డౌన్‌లోడ్ పేజీకి వెళ్లి, విండోస్ అయితే జావా కలిపి ఉన్న కిట్‌ను దించుకోండి. జిప్ ఫైలును విప్పి లోపలున్న ఓపెన్‌రిఫైన్ అప్లికేషన్‌ను డబుల్ క్లిక్ చేస్తే ఒక నల్ల విండో తెరుచుకుంటుంది. దాన్ని మూయొద్దు, పని నడిచేది అందులోనే. కాసేపటికి బ్రౌజర్‌లో 127.0.0.1:3333 అనే అడ్రసుతో పేజీ వస్తుంది.

ఆ అడ్రసు మీ కంప్యూటర్‌దే. బ్రౌజర్‌లో కనిపిస్తుంది కాబట్టి ఇంటర్నెట్‌లోకి పోతోందేమోనని చాలామంది భయపడతారు. జాబితా మీ మెషీన్ దాటి ఎక్కడికీ పోదు, నెట్ లేకపోయినా పని నడుస్తుంది. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న ఫైలును ఎవరిదో తెలియని ఆన్‌లైన్ కన్వర్టర్ సైట్‌లో ఎక్కించడం కన్నా ఇది ఎంతో భద్రం. ఆ సైట్లలో ఇలాంటి జాబితాలు దయచేసి పెట్టొద్దు. ఇంకో మాట: మీ పనికి ఆధార్ నంబరు అవసరం లేకపోతే ఆ కాలమ్‌ను మొదట్లోనే తీసేయండి. అవసరమైతే చివరి నాలుగు అంకెలు ఉంచండి.

ఎక్సెల్ నుంచి బయటికి తెచ్చేటప్పుడు

సగం నష్టం ఇక్కడే జరుగుతుంది. కాగితం మీది వివరాలను ఎక్సెల్‌లో ఇంకా ఎక్కించలేదా, అయితే మీరు అదృష్టవంతులు. టైపు మొదలుపెట్టకముందే సర్వే నంబరు, విస్తీర్ణం, ఫోన్, ఖాతా నంబరు కాలమ్‌లను ఎంచుకుని సెల్ ఫార్మాట్‌ను 'టెక్స్ట్' చేయండి. టైపు చేశాక మారిస్తే పోయినవి తిరిగిరావు.

సేవ్ చేసేటప్పుడు 'సీఎస్వీ యూటీఎఫ్-8' అనే రకాన్నే ఎంచుకోండి. అదే జాబితాలో మామూలు 'సీఎస్వీ' కూడా ఉంటుంది. అది నొక్కితే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులుగా మారతాయి. తెరిచినప్పుడు వింత అక్షరాలు కనబడితే ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి, యూటీఎఫ్-8 అలాంటిదే) మార్చి సరిచేయొచ్చు గానీ ప్రశ్న గుర్తులు పడ్డాయంటే ఆ ఫైల్లో తెలుగు లేనట్టే. మూల ఫైలు జాగ్రత్తగా ఉంచుకొమ్మని చెప్పేది అందుకే.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్ల వంటి పాత ఫాంట్లతో కొట్టిన జాబితా అయితే దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్పించండి. అది ఫాంట్ కన్వర్టర్ పని, ఓపెన్‌రిఫైన్ చేయలేదు.

ఫైలును లోపలికి తీసుకోవడం

ఎడమ వైపు 'క్రియేట్ ప్రాజెక్ట్', తర్వాత 'దిస్ కంప్యూటర్' నొక్కి మీ సీఎస్వీ ఫైలును ఎంచుకుని 'నెక్స్ట్' కొట్టండి. ప్రివ్యూ వస్తుంది. కింద ఉన్న ఆప్షన్లలో మూడు చూడాలి. క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 కావాలి, పైన ప్రివ్యూలో తెలుగు తెలుగులాగే కనబడాలి. మొదటి వరుసను కాలమ్ పేర్లుగా తీసుకోవాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: గడుల్లోని టెక్స్ట్‌ను నంబర్లుగా మార్చమంటారా అని అడిగే 'అటెంప్ట్ టు పార్స్ సెల్ టెక్స్ట్ ఇంటు నంబర్స్' గడిలో టిక్కు ఉండకూడదు. ఉంటే మన 2.20 మళ్లీ 2.2 అయిపోతుంది. ప్రాజెక్టుకు పేరు పెట్టి పైన కుడి వైపున ఉన్న 'క్రియేట్ ప్రాజెక్ట్' నొక్కండి.

గ్రిడ్ తెరుచుకోగానే పైన ఎన్ని వరుసలున్నాయో చూపిస్తుంది. ఆ అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మూల రిజిస్టర్‌లో చివరి క్రమసంఖ్యతో పోల్చండి. రెండూ కలవకపోతే అక్కడే ఆగండి. మధ్యలో ఖాళీ వరుసలు మిగిలినా, కింద 'మొత్తం' అనే వరుస ఉన్నా లెక్క తేడా వస్తుంది. ఆ 'మొత్తం' వరుసను రైతుగా లెక్కగట్టిన జాబితాలు నేను చూశాను.

రంగు కూడా గమనించండి. ఓపెన్‌రిఫైన్ సంఖ్యగా తీసుకున్న గడిలో అంకె ఆకుపచ్చగా, టెక్స్ట్‌గా తీసుకున్నది నల్లగా కనిపిస్తుంది. ఈ దశలో మనకు అంతా నల్లగానే ఉండాలి.

ఊళ్లు, మండలాలు, జిల్లాలు

ప్రతి కాలమ్ పేరు పక్కన ఒక చిన్న బాణం ఉంటుంది. మండలం కాలమ్ మీద దాన్ని నొక్కి 'ఎడిట్ సెల్స్', 'కామన్ ట్రాన్స్‌ఫార్మ్స్', 'ట్రిమ్ లీడింగ్ అండ్ ట్రెయిలింగ్ వైట్‌స్పేస్' ఎంచుకోండి. పదానికి ముందూ వెనకా ఉన్న ఖాళీలు పోతాయి. దాని కిందున్న 'కొలాప్స్ కాన్సెక్యుటివ్ వైట్‌స్పేస్' మధ్యలోని జంట ఖాళీలను ఒకటి చేస్తుంది. ఊరు, జిల్లా, పేరు కాలమ్‌లకూ ఇదే చేయండి.

ఇప్పుడు అదే బాణం నుంచి 'ఫేసెట్', 'టెక్స్ట్ ఫేసెట్'. ఎడమ వైపు పెట్టెలో ఆ కాలమ్‌లో ఎన్ని రకాల పేర్లున్నాయో, ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో జాబితాగా వస్తుంది. 'కౌంట్' నొక్కితే సంఖ్య ప్రకారం పేరుస్తుంది. కిందికి వెళ్లి ఒకటి, రెండు సార్లు మాత్రమే వచ్చిన పేర్లు చూడండి. తప్పులు చాలావరకు అక్కడే ఉంటాయి. హన్మకొండ, హనుమకొండ, హనంకొండ మూడూ మూడు వరుసల్లో కనబడతాయి. పేరు మీద మౌస్ పెడితే 'ఎడిట్' అని వస్తుంది. అక్కడ సరైన పేరు రాస్తే ఆ పేరున్న వరుసలన్నీ ఒకేసారి మారతాయి.

ఒక్కోసారి 'వరంగల్' అని రెండు వరుసలు కనబడతాయి. అక్షరం తేడా ఉండదు, ఖాళీలు కూడా తీసేశారు, అయినా కలవవు. చివరి పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని ఒక నాన్-జాయినర్ గుర్తు ఉండిపోవడమే కారణం. తెలుగు కీబోర్డుల్లో 'వరంగల్‌లో' వంటి మాటలకు అది అవసరం, పదం చివర మిగిలిపోతే మాత్రం ఇలా ఇబ్బంది పెడుతుంది. ట్రిమ్ దాన్ని ఖాళీగా గుర్తించదు. 'ఎడిట్' నొక్కి, ఉన్నదంతా చెరిపేసి, పేరును కొత్తగా టైపు చేయండి.

అక్షరాలు సరిపోయినా 'వరంగల్' అన్న మాట మన జిల్లాల్లో అంతటితో తెగదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా విడిపోయింది. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు వేరు పడింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్‌కు హనుమకొండ అని, వరంగల్ రూరల్‌కు వరంగల్ అని పేర్లు మార్చారు, కొన్ని మండలాలు అటూ ఇటూ అయ్యాయి. పరకాల మండలాన్నే తీసుకోండి. 2015 నాటి కాగితంలో వరంగల్ జిల్లా, 2018 కాగితంలో వరంగల్ రూరల్, ఇప్పుడు హనుమకొండ జిల్లా. కమలాపూర్ అయితే 2016 దాకా కరీంనగర్‌లో ఉండేది.

కాబట్టి పాత కాగితంలోని 'వరంగల్'ను తప్పు అని కొట్టేయకూడదు. ఆ రోజుకు అది సరైనదే. 'వరంగల్ రూరల్' అని ఉన్నవన్నీ ఒక్క ఎడిట్‌తో 'వరంగల్' చేసేశారంటే పరకాల, ఆత్మకూర్, శాయంపేట రైతులంతా తప్పు జిల్లాలో పడతారు. నేను చేసేది ఇది: జిల్లా కాలమ్ బాణం నుంచి 'ఎడిట్ కాలమ్', 'యాడ్ కాలమ్ బేస్డ్ ఆన్ దిస్ కాలమ్' నొక్కుతాను. ఒక పెట్టె తెరుచుకుని అందులో ఇంగ్లిష్‌లో 'వ్యాల్యూ' అనే మాట ముందే రాసి ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా, కొత్త కాలమ్‌కు 'ప్రస్తుత జిల్లా' అని పేరు పెట్టి ఓకే కొడతాను. పాత కాలమ్ నకలు వస్తుంది. ఆ తర్వాత మండలం ఫేసెట్‌లో పరకాల నొక్కితే ఆ మండలం వరుసలే మిగులుతాయి. ప్రస్తుత జిల్లాకు కూడా ఫేసెట్ తెరిచి, ఉన్న పేరును హనుమకొండగా ఎడిట్ చేస్తాను. మండలం ఎంపిక అలాగే ఉంది కాబట్టి మార్పు ఆ వరుసలకే తగులుతుంది. ఒక్కో మండలానికి అర నిమిషం పని. పాత పేరు పాత కాలమ్‌లో భద్రంగా ఉంటుంది.

వీలైతే ఊరి పేరు పక్కన కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని గ్రామ కోడ్ కూడా చేర్చండి. కొత్తపల్లి, రంగాపురం వంటి పేర్లున్న ఊళ్లు ఒక్క జిల్లాలోనే ఒకటికి మించి ఉంటాయి. ఫైలు అందుకున్నవాళ్లకు ఏది ఏదో తేల్చి చెప్పేది ఆ కోడే.

క్లస్టర్ చూపించిందల్లా కలపొద్దు

టెక్స్ట్ ఫేసెట్ పెట్టెలో 'క్లస్టర్' అనే బటన్ ఉంటుంది. ఒకలాగే ఉన్న పేర్లను గుంపులుగా చూపించి, కలపమంటారా అని అడుగుతుంది. మొదటి పద్ధతి 'కీ కొలిజన్'లో 'ఫింగర్‌ప్రింట్' తెలుగుకు పనికొస్తుంది. పదాలు ముందువెనకలైనా, మధ్యలో చుక్కలు, కామాలున్నా పట్టుకుంటుంది. ఆ జాబితాలోనే మెటాఫోన్ లాంటి ఉచ్చారణ పద్ధతులు ఉంటాయి. అవి యూరప్ భాషల కోసం చేసినవి, తెలుగు లిపిలో ఉన్న పేర్లకు పనికిరావు. రెండో పద్ధతి 'నియరెస్ట్ నెయిబర్'లో 'లెవెన్‌స్టైన్' ఎంచుకుంటే ఒకటి రెండు అక్షరాల తేడా ఉన్నవాటిని దగ్గరికి చేర్చి చూపిస్తుంది.

ఊళ్ల పేర్లకు, మండలాలకు ఇది బాగా సాయపడుతుంది. మనుషుల పేర్లకు దీన్ని వాడొద్దు. కొమురయ్య, కొమరయ్య ఒకే మనిషి కావచ్చు. రామయ్య, రాజయ్య మధ్య కూడా ఒక్క అక్షరమే తేడా, ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, సర్వే నంబరు కూడా ఒకటే. వాళ్లు అన్నదమ్ములు. నర్సయ్య, నర్సమ్మ భార్యాభర్తలు, ఎవరి పాసు పుస్తకం వారికుంది. ఒక నొక్కుతో ఇద్దరినీ ఒకరిని చేస్తే, తర్వాత నకిలీల ఏరివేతలో ఒకరి వరుస పోతుంది. పేర్ల దగ్గర క్లస్టర్‌ను అనుమానాలు చూపించే అద్దంలా వాడుకోండి. తేల్చాల్సింది పాసు పుస్తకం.

తారీఖులైపోయిన సర్వే నంబర్లు

ఎక్సెల్‌లో 5/2 అని కొడితే అది ఫిబ్రవరి 5 అవుతుంది. కంప్యూటర్ అమెరికా సెట్టింగులో ఉంటే మే 2 అవుతుంది. 5/2/1 అయితే ఏకంగా 2001వ సంవత్సరం తారీఖు. 145/అ లాంటి అక్షరం ఉన్న నంబర్లు బతికిపోతాయి, అంకెలే ఉండి తారీఖులా కనిపించే బై నంబర్లు (ఏటవాలు గీత తర్వాత విభాగం ఉన్న సర్వే నంబర్లు) మారిపోతాయి.

నెల పేరుతో మారినవాటిని పట్టుకోవడం తేలికే, 5/2/1 లాంటివి మాత్రం అంకెల తారీఖుగానే ఉండొచ్చు కాబట్టి వాటిని టెక్స్ట్ ఫేసెట్‌లో చూడాలి. సర్వే నంబరు కాలమ్ బాణం నుంచి 'టెక్స్ట్ ఫిల్టర్' తెరిచి, నెలల పేర్ల మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కో నెలకు రాసి చూడండి. పన్నెండు సార్లు రాయాలి, రెండు నిమిషాలు పడుతుంది. దొరికిన వరుసలన్నిటికీ జెండా వేయాలి: ఎడమ చివర 'ఆల్' అనే కాలమ్ బాణం నుంచి 'ఎడిట్ రోస్', 'ఫ్లాగ్ రోస్'. ఫిల్టర్‌లో కనబడుతున్న వరుసలకే జెండా పడుతుంది.

ఫిబ్రవరి 5ను తిరిగి 5/2గా మార్చేయొచ్చు కదా అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. అది ఏ సెట్టింగు ఉన్న కంప్యూటర్‌లో టైపు అయిందో మీకు తెలియదు, 5/2 వేరే పట్టాదారుది, 2/5 వేరే పట్టాదారుది. భూమి విషయంలో ఊహతో సరిదిద్దడం కన్నా జెండా వేసి పక్కన పెట్టడం మేలు.

బై నంబర్లలో ఇంకో చిక్కు ఉంది. మన రికార్డుల్లో అ, ఆ, ఇ, ఈ అని విడగొడతారు. ఇంగ్లిష్‌లో టైపు చేసినవాళ్లు 'అ'కు బదులు ఇంగ్లిష్ మొదటి అక్షరం వేస్తారు. దాన్ని మళ్లీ తెలుగు చేసినవాళ్లు 'ఎ' అనో 'ఏ' అనో రాస్తారు. ఫేసెట్‌లో 145/అ, 145/ఎ రెండూ కనిపిస్తే కలపకండి. ఎ అనే విభాగం నిజంగానే ఉండొచ్చు.

ఎకరాలు, గుంటలు

పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 40 గుంటలు ఒక ఎకరం, ఒక గుంట 121 చదరపు గజాలు. మన పహాణీల్లో, పాసు పుస్తకాల్లో చుక్కకు కుడి వైపున ఉండేవి గుంటలు, దశాంశాలు కావు. 2.20ని, 1.30ని సాఫ్ట్‌వేర్ కూడితే 3.50 వస్తుంది. అసలు మొత్తం నాలుగెకరాల పది గుంటలు.

తేడా ఎంతో డబ్బులో చూద్దాం. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు పంట కాలానికి ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చారు, అంటే గుంటకు 100 రూపాయలు. రెండెకరాల ఇరవై గుంటలకు 10,000 రావాలి. అదే 2.2ను దశాంశంగా లెక్కిస్తే 8,800, రెండెకరాల రెండు గుంటలుగా చదివితే 8,200. ఒకే పొలం, మూడు లెక్కలు.

ముందు రాత ఒకటి చేయాలి. కొందరు 2-20 అని, కొందరు 2.20 అని రాస్తారు. 'ఎడిట్ సెల్స్'లో 'రీప్లేస్' తెరిచి గీత బదులు చుక్క పెట్టించండి. గీతతో రాసినవి కూడా ఎక్సెల్‌లో తారీఖులై ఉండొచ్చు, 2-10 అక్టోబర్ 2 అవుతుంది. కాబట్టి సర్వే నంబర్లకు చేసిన నెలల వెతుకులాటను ఇక్కడా చేసి జెండాలు వేశాకే రీప్లేస్‌కు రండి.

ఇప్పుడు 'ఎడిట్ కాలమ్', 'స్ప్లిట్ ఇంటు సెవరల్ కాలమ్స్'. సెపరేటర్ దగ్గర చుక్క పెట్టండి. 'గెస్ సెల్ టైప్', 'రిమూవ్ దిస్ కాలమ్' రెండు టిక్కులూ తీసేయండి. మొదటిది ఉంచితే 02 కాస్తా 2 అయిపోతుంది, రెండోది ఉంచితే మూలం పోతుంది. రెండు కొత్త కాలమ్‌లు వస్తాయి. వాటికి 'ఎకరాలు', 'గుంటలు' అని పేర్లు పెట్టండి.

గుంటల కాలమ్‌కు టెక్స్ట్ ఫేసెట్ తెరవండి. 00 నుంచి 39 దాకా రెండంకెల విలువలు ఉంటే బాగున్నట్టే. 40, ఆ పైన ఏది కనిపించినా అది గుంట కాదు. 50, 75 తరచుగా కనబడతాయి, ఎవరో అర ఎకరం, ముప్పావు ఎకరం అని దశాంశంలో రాశారన్నమాట. ఆంధ్ర వైపు నుంచి వచ్చిన కాగితమైతే అవి సెంట్లు కావచ్చు, అక్కడ 100 సెంట్లు ఒక ఎకరం. అసలైన అపాయం ఒంటి అంకెల్లో ఉంది: 1, 2, 3. వీటికి సున్నా పోయిందా, లేక 02 బదులు 2 అని రాశారా అన్నది ఫైలును ఎంతసేపు చూసినా తేలదు. వీటన్నిటికీ జెండా వేయండి. 5 కూడా ఈ కోవలోదే, అది ఐదు గుంటలైనా కావచ్చు, అర ఎకరమైనా కావచ్చు. నాలుగంకెలు ఉంటే, ఉదాహరణకు 2050, ఇరవై గుంటలన్నర అని రాసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోండి.

జెండాలు తేలాక రెండు కాలమ్‌లనూ 'కామన్ ట్రాన్స్‌ఫార్మ్స్'లోని 'టు నంబర్'తో సంఖ్యలు చేయండి. ఆకుపచ్చగా మారతాయి. ఖాళీగా ఉన్న గుంటల గడిని మాత్రం సున్నా అనుకోకండి, రాయడం మరిచిపోయి ఉండొచ్చు. ఫైలు అడిగినవాళ్లు ఎకరాలను దశాంశంలోనే కావాలంటే, గుంటల కాలమ్ మీద మళ్లీ 'యాడ్ కాలమ్ బేస్డ్ ఆన్ దిస్ కాలమ్' తెరిచి, అక్కడున్న 'వ్యాల్యూ' మాట పక్కన / 40.0 అని చేర్చండి. 40 అని ఊరుకోవద్దు. పూర్ణాంకాల భాగహారం అయితే ఇరవై గుంటలు సున్నాగా వస్తాయి. ఇలా వచ్చిన 0.5ను ఎకరాలకు కలపడం చివరి షీటులో ఒక మామూలు కూడిక. నా మట్టుకు ఎకరాలు, గుంటలు రెండు కాలమ్‌లుగానే పంపడం ఇష్టం. రైతు తన పేరు ఎదురుగా చూసుకుంటే పాసు పుస్తకంలో ఉన్నదే కనిపించాలి.

ఫోన్, ఖాతా నంబర్లు

వీటికి 'ఫేసెట్', 'కస్టమైజ్డ్ ఫేసెట్స్', 'టెక్స్ట్ లెంగ్త్ ఫేసెట్' చాలు. ఫోన్‌కు 10 రావాలి, బ్యాంకు శాఖను చెప్పే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌కు 11. ఐఎఫ్ఎస్‌సీలో ఐదో గుర్తు ఎప్పుడూ సున్నాయే, దాని బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం కొట్టడం మామూలు పొరపాటు. ఖాతా నంబర్ల మొదట్లో ఉండే సున్నాలు ఎక్సెల్‌లో పోతాయి, 15 అంకెలు దాటినవాటికి చివరి అంకెలు సున్నాలవుతాయి. ఒకే బ్యాంకు ఖాతాల్లో కొన్ని పొడవు తక్కువగా కనిపిస్తే పాసుబుక్కుతో పోల్చండి. అదే మెనూలో 'డూప్లికేట్స్ ఫేసెట్' ఉంది. ఫోన్ నంబర్ మీద అది పెడితే ఒకే నంబరున్న వరుసలు వస్తాయి. తండ్రీకొడుకులకు ఒకే ఫోన్ ఉండటం ఊళ్లలో మామూలు కాబట్టి చూడకుండా తీసేయకండి. పట్టాదారు పాసు పుస్తకం నంబరు రెండుసార్లు వస్తే మాత్రం ఆలోచించాల్సిందే.

పొలం అక్షాంశ రేఖాంశాలు కూడా ఉన్న జాబితా అయితే వాటిని సంఖ్యలుగా మార్చి 'న్యూమరిక్ ఫేసెట్' చూడండి. వరంగల్ సుమారు 17.97 ఉత్తర అక్షాంశం, 79.59 తూర్పు రేఖాంశం దగ్గరుంది. రెండు కాలమ్‌లు తారుమారైతే మన పత్తి చేను ఆర్కిటిక్ మంచులోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది.

జెండా వేసిన వరుసలను ఊరికి తీసుకెళ్లండి

'ఆల్' బాణం నుంచి 'ఫేసెట్', 'ఫేసెట్ బై ఫ్లాగ్' పెట్టి 'ట్రూ' నొక్కండి. అనుమానం ఉన్న వరుసలే మిగులుతాయి. 'ఎక్స్‌పోర్ట్'లో ఎక్సెల్ ఎంచుకుంటే ఆ కొన్నే ఫైలుగా వస్తాయి. ప్రింటు తీసి, పక్కన ఖాళీ కాలమ్ ఉంచి, ఊళ్లో పాసు పుస్తకాలు తెప్పించి రాసుకోండి. అన్నీ కలిపి ఒక సాయంత్రం పని. వెయ్యి మందిని మళ్లీ అడగక్కర్లేదు, అనుమానం ఉన్నవాళ్లను అడిగితే చాలు. తిరిగొచ్చాక ఆ గడుల మీద మౌస్ పెట్టి 'ఎడిట్' నొక్కి ఒక్కొక్కటే సరిచేసి, జెండా తీసేయండి.

ఇప్పుడు మార్పిడి

ఎక్స్‌పోర్ట్ నొక్కేముందు ఎడమ వైపున తెరిచి ఉన్న ఫేసెట్లన్నీ 'రిమూవ్ ఆల్'తో మూసేయండి. ఓపెన్‌రిఫైన్ ఆ క్షణంలో తెర మీద ఎంపికైన వరుసలనే బయటికి ఇస్తుంది. పరకాల ఫేసెట్ తెరిచి మరిచిపోతే పరకాల రైతులతోనే ఫైలు వస్తుంది, ఏ హెచ్చరికా ఉండదు. పైన వరుసల సంఖ్య మీరు కాగితం మీద రాసుకున్న అంకెతో కలవాలి. 'మొత్తం' వరుస లాంటివి తీసేసి ఉంటే ఎన్ని తీశారో కూడా అదే కాగితం మీద ఉండాలి.

ఫైలును మనుషులు ఎక్సెల్‌లో తెరుస్తారంటే ఎక్సెల్ ఫార్మాట్‌లోనే ఇవ్వండి. టెక్స్ట్‌గా ఉన్నది టెక్స్ట్‌గానే వెళ్తుంది, 5/2 అలాగే ఉంటుంది. ఏదైనా పోర్టల్‌కో సాఫ్ట్‌వేర్‌కో ఎక్కించాలంటే 'కామా సెపరేటెడ్ వ్యాల్యూ' తీసుకోండి. కొన్ని కాలమ్‌లే పంపాలంటే 'కస్టమ్ టాబ్యులర్' ఎంచుకుంటే ఏవి కావాలో టిక్కు పెట్టుకోవచ్చు. ఫోన్, ఖాతా అవసరం లేనివారికి ఫైలు ఇచ్చేటప్పుడు నేను తప్పకుండా ఇదే వాడతాను.

ఇలా తీసిన సీఎస్వీని సరిగ్గా ఉందో లేదో చూద్దామని డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరవొద్దు. తెలుగు వింత అక్షరాలుగా కనబడుతుంది, సర్వే నంబర్లు మళ్లీ తారీఖులవుతాయి, పొరపాటున సేవ్ కొడితే ఇంత పనీ పోతుంది. తెరవాల్సి వస్తే ఎక్సెల్‌లో 'డేటా' మెనూ కింద 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ' నుంచి, ఎన్‌కోడింగ్ 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకుని, కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టి తెరవండి.

జేసన్ కావాలంటే ఎక్స్‌పోర్ట్‌లో 'టెంప్లేటింగ్' ఉంది. తెరవగానే మీ కాలమ్ పేర్లతో నమూనా సిద్ధంగా ఉంటుంది, కుడి వైపు ప్రివ్యూ కనబడుతుంది. అడిగినవాళ్లు ఫీల్డులకు వేరే పేర్లు చెబితే ఎడమ వైపు టెంప్లేటులో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న పేర్లలో కోలన్‌కు ముందున్నవాటిని మాత్రమే మార్చి ఎక్స్‌పోర్ట్ కొట్టండి.

తర్వాత ఆ ఫైలునే కొత్త ప్రాజెక్టుగా ఓపెన్‌రిఫైన్‌లోకి తిరిగి తెండి. వరుసల సంఖ్య చూడండి. మొదటిదీ చివరిదీ కాకుండా మధ్య నుంచి ఓ పది మందిని ఎంచుకుని, కాగితం పక్కన పెట్టుకుని గడి గడీ పోల్చండి. ఆ పదిలో సున్నాతో ముగిసే గుంటలున్న రైతు ఒకరు, అంకెల బై నంబరున్న రైతు ఒకరు, 2021లో జిల్లా మారిన మండలం రైతు ఒకరు ఉండేలా చూసుకోండి.

యాసంగి జాబితా వచ్చినప్పుడు

వానకాలం జాబితాకు చేసిన పనంతా ఎడమ వైపు 'అన్‌డూ / రీడూ' కింద వరుసగా రాసి ఉంటుంది. ఏ మెట్టు నొక్కినా అక్కడికి వెనక్కి వెళ్లొచ్చు, తప్పు చేశామని భయపడక్కర్లేదు. 'ఎక్స్‌ట్రాక్ట్' నొక్కి వచ్చిన టెక్స్ట్‌ను ఒక ఫైల్లో దాచుకుంటే, యాసంగి జాబితాను తెచ్చినప్పుడు 'అప్లై' నొక్కి అతికిస్తే ట్రిమ్‌లు, పేర్ల సవరణలు, విడదీతలు అన్నీ మళ్లీ జరుగుతాయి. కాలమ్ పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఊళ్లో అడిగి ఒక్కో గడిలో చేసిన సవరణలు మాత్రం ఇందులో రావు, రాకూడదు కూడా. ఆ ప్రింటు కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్ చేసుకోండి, వచ్చే జాబితాలో అవే తప్పులు మళ్లీ వస్తే పనికొస్తుంది.

పని చేసింది సొంత కంప్యూటర్ కాకపోతే, ఇంకొక్క మెట్టు ఉంది. ఓపెన్‌రిఫైన్ అడగకుండానే ప్రాజెక్టును దాచి పెడుతుంది. మొదటి పేజీలో 'ఓపెన్ ప్రాజెక్ట్' తెరిచి, పేరు పక్కనున్న గుర్తుతో దాన్ని తొలగించండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిన నకళ్లనూ తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, నల్ల విండోలో కంట్రోల్, సీ కలిపి నొక్కి సాఫ్ట్‌వేర్‌ను ఆపి లేవండి.